మన ఊరి జనాభా, రాకపోకల లెక్క మనమే రాసుకోవడం ఎలా?

మా ఊరికి పొద్దున పూట బస్సు వేయమని ఇచ్చిన మొదటి అర్జీ తిరిగొచ్చింది. "మీ ఊరికి బస్సు ఉన్నట్టే రికార్డులో ఉంది కదా" అన్నారు. రికార్డు అబద్ధం కాదు. పంచాయతీ ఆఫీసు ముందు దాకా పల్లెవెలుగు బస్సు వస్తుంది. కానీ అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఉండేది అక్కడికి మూడు కిలోమీటర్ల అవతల, వాగు దాటాక వచ్చే పల్లెలో. ఆ పల్లె పేరు మేము అర్జీలో ఎక్కడా రాయలేదు. అక్కడ ఎంతమంది ఉంటారో, అందులో బడిపిల్లలు ఎందరో, ఏ టైముకి వాళ్ళకి బస్సు కావాలో కూడా రాయలేదు. ఊరి పేరు రాసి, కింద నలభై సంతకాలు పెట్టి ఇచ్చాం.

తర్వాత మేము ముగ్గురం కూర్చుని, దాదాపు పదిహేను రోజులు తిరిగి ఊరి లెక్క తయారు చేశాం. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో మేము చేసిన పని ఇది. నెల్లూరు డెల్టాలోని వరి ఊరికైనా, సముద్రం ఒడ్డున ఉన్న పల్లెపాళేనికైనా ఇదే పద్ధతి సరిపోతుంది. కావాల్సింది ఒక లాంగ్ నోట్‌బుక్, ఫోను, కిలోమీటర్ల మీటరు సరిగ్గా పనిచేసే బైకు, మీతోపాటు ఓపికగా తిరిగేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితే పని సగం తేలికవుతుంది. కాన్పుకి ఎక్కడికి వెళ్ళారు, ఎలా వెళ్ళారు అని మగవాళ్ళు అడిగితే సరైన జవాబు రాదు.

ముందు "ఊరు" అంటే ఏదో తేల్చుకోండి

అన్ని తప్పులూ ఇక్కడే మొదలవుతాయి కాబట్టి ఈ అడుగు మీద కాస్త ఎక్కువసేపు ఉండండి.

మనం ఊరు అనేది ఒకటి, కాగితాల్లో ఉండేవి మూడు. మొదటిది రెవెన్యూ గ్రామం. సర్వే నంబర్లు, గ్రామ పటం, అడంగల్ (పొలాలు, పంటల రికార్డు) అన్నీ దీని పేరు మీదే ఉంటాయి. సెన్సస్ వాళ్ళు లెక్క వేసేది కూడా దీనికే. రెండోది గ్రామ పంచాయతీ. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు పంచాయతీలు ఉండొచ్చు, ఒక పంచాయతీ కింద రెండు రెవెన్యూ గ్రామాలు ఉండొచ్చు. మూడోది ఆవాసం, అంటే మనుషులు నిజంగా ఇళ్ళు కట్టుకుని ఉండే చోటు. మన వైపు పేర్లు చూడండి: ఫలానావారిపల్లె, ఫలానా పాళెం, కండ్రిక, కొత్తకాలనీ, అరుంధతీవాడ, గిరిజన కాలనీ. వీటిలో చాలావాటికి సెన్సస్ పుస్తకంలో విడిగా పేరు ఉండదు. పక్కనున్న పెద్ద గ్రామం అంకెలో కలిసిపోయి ఉంటాయి.

నోట్‌బుక్ మొదటి పేజీలో రెవెన్యూ గ్రామం పేరు, పంచాయతీ పేరు, దాని కింద ఉన్న ప్రతి ఆవాసం పేరు వరసగా రాయండి. పేర్లు గుర్తు తెచ్చుకోవడానికి పంచాయతీ కార్యదర్శి సాయం తీసుకోండి. ఆ తర్వాత ఊళ్ళో డెబ్భై ఏళ్ళు దాటిన ఒకరి దగ్గర కూర్చుని మళ్ళీ చదవండి. మా జాబితాలో రెండు పేర్లు అలా వచ్చి చేరాయి. ఒకటి చెరువు కట్ట కింద ఉన్న పన్నెండు ఇళ్ళ యానాదుల గుంపు. నెల్లూరు జిల్లా జనాభాలో పదో వంతుకు దగ్గరగా ఎస్టీలే, వాళ్ళలో ఎక్కువమంది యానాదులు. రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో వెళ్ళి ఉంటారు కాబట్టి ఏ జాబితాలోనూ పూర్తిగా కనపడరు. మీరు రాసే జాబితాలో వాళ్ళు తప్పిపోకూడదు.

రెవెన్యూ గ్రామంగా పేరు, హద్దులు ఉండి, ఒక్క ఇల్లు కూడా లేనివి కూడా ఉంటాయి. వాటిని రెవెన్యూ వాళ్ళు బేచిరాక్ గ్రామాలు అంటారు. మీ ఊరి పక్కన అలాంటిది ఉంటే దాని జనాభా సున్నా అని చూసి కంగారు పడకండి, పుస్తకం తప్పు కాదు.

జిల్లా పేరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వెళ్ళింది, అద్దంకి, చీరాల, పర్చూరు బాపట్లలోకి వెళ్ళాయి, సూళ్ళూరుపేట, వెంకటగిరి వైపు తిరుపతిలోకి వెళ్ళాయి. మీ ఊరు ఇవాళ ఏ జిల్లాలో ఉన్నా సరే, 2011 సెన్సస్ లెక్కల్లో వెతికేటప్పుడు అప్పటి జిల్లా కిందే వెతకాలి. కందుకూరు మండలం ఊళ్ళు 2011 ప్రకాశం పుస్తకంలోనే ఉంటాయి. ఇంకా పాత లెక్కలు కావాలనుకుంటే మరింత వెనక్కి వెళ్ళాలి. ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970లో, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి. అందుకే కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు తాలూకాల 1961 అంకెలు నెల్లూరు పుస్తకంలోనూ, మార్కాపురం, గిద్దలూరు అంకెలు కర్నూలు పుస్తకంలోనూ దొరుకుతాయి. అప్పటికి మండలాలు లేవు, అవి 1985లో వచ్చాయి. కాబట్టి తాలూకా పేరు తెలిసుండాలి.

2011 అంకెలు దించుకోండి

సెన్సస్ ఇండియా వెబ్‌సైట్‌లో ప్రతి జిల్లాకీ 'జిల్లా జనగణన కరదీపిక' ఉంటుంది, ఉచితంగా దించుకోవచ్చు. అది రెండు భాగాలు. ఒకటి గ్రామ, పట్టణ డైరెక్టరీ. బడి, ఆసుపత్రి, బస్సు, రోడ్డు వంటి సౌకర్యాలు ఇందులో ఉంటాయి. రెండోది జనాభా అంకెల సారాంశం. మీ ఊరికి ఆరంకెల కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళు మన జిల్లాల్లో మామూలే, పేరు పట్టుకుని వెతికితే పక్క మండలం అంకెలు ఎత్తి రాసే ప్రమాదం ఉంది.

జనాభా భాగం నుంచి ఇవి రాసుకోండి: ఇళ్ళు, మొత్తం జనం, మగ, ఆడ, ఏడేళ్ళు నిండని పిల్లలు (పుస్తకంలో 0–6 అని ఉంటుంది), ఎస్సీలు, ఎస్టీలు, చదువు వచ్చినవాళ్ళు, పనిచేసేవాళ్ళు. పనిచేసేవాళ్ళలో మళ్ళీ రెండు రకాలు ఉంటాయి. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని దొరికినవాళ్ళు ప్రధాన కార్మికులు, అంతకంటే తక్కువ దొరికినవాళ్ళు ఉపాంత కార్మికులు. మెట్ట ఊళ్ళలో ఈ రెండో అంకె తప్పక చూడండి. అది పెద్దగా ఉందంటే మిగతా నెలలు వాళ్ళు ఎక్కడికో వెళ్తున్నారని అర్థం, అంటే అది రాకపోకల లెక్కలోకి కూడా వస్తుంది.

ఇప్పుడు లెక్కలు. ఒక ఊరిని ఊహించుకుందాం. ఇళ్ళు 480, జనం 1,840, మగవాళ్ళు 930, ఆడవాళ్ళు 910, ఏడేళ్ళు నిండని పిల్లలు 190, చదువు వచ్చినవాళ్ళు 990.

ప్రతి వెయ్యి మంది మగవాళ్ళకి ఆడవాళ్ళు ఎంతమంది అంటే 910ని 930తో భాగించి వెయ్యితో గుణించాలి. 978 వస్తుంది. ఇంటికి సగటున 3.8 మంది. అక్షరాస్యత దగ్గర చాలామంది తప్పు చేస్తారు. 990ని 1,840తో భాగిస్తే దాదాపు 54 శాతం వస్తుంది, కానీ అది తప్పు. అక్షరాస్యత ఏడేళ్ళు నిండినవాళ్ళలోనే చూడాలి. కాబట్టి 1,840 నుంచి 190 తీసేసి, మిగిలిన 1,650తో భాగించాలి. సరిగ్గా 60 శాతం వస్తుంది. ఒక్క మెట్టు మరిచిపోతే ఊరు ఆరు శాతం వెనక పడినట్టు కనపడుతుంది.

2001 అంకె కూడా పక్కన పెట్టుకోండి. అప్పుడు 1,960 ఉండి 2011కి 1,840 అయితే, తగ్గిన 120ని 1,960తో భాగించండి. పదేళ్ళలో ఆరు శాతం తగ్గింది. ఎందుకు తగ్గిందో రాయకుండా ఆ అంకె ఒక్కటే వదిలేయొద్దు. వలస వల్లనా, లేక మధ్యలో ఒక పల్లె విడిపోయి వేరే గ్రామంలో కలిసిందా, పక్క పట్టణం హద్దు పెరిగి మింగిందా అని కనుక్కోండి.

మన మెట్ట ఊళ్ళ విషయంలో ఇంకో మాట తెలిసుండాలి. 2011 జనాభా లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ ఇరవై రోజులూ ఊళ్ళో లేని మనిషిని ఆ ఇంటి లెక్కలో వేయరు, ఎక్కడ ఉంటే అక్కడ వేస్తారు. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు నుంచి బేల్దారి పనికి (ఇళ్ళు కట్టే పనికి) హైదరాబాదు, బెంగళూరు వెళ్ళినవాళ్ళు ఫిబ్రవరిలో ఊళ్ళో ఉండరు. ఉగాదికి వస్తారు, తిరనాళ్ళకి వస్తారు. ఓటు ఇక్కడే, పొలం ఇక్కడే, తల్లిదండ్రులు ఇక్కడే. కానీ అంకెలో వాళ్ళు లేరు. "మా ఊళ్ళో రెండు వేలమంది పైనే ఉంటాం, పుస్తకంలో ఇంత తక్కువేంటి" అనే మాటకి చాలాసార్లు జవాబు ఇదే.

ఇవాళ్టి జనాన్ని పల్లెల వారీగా లెక్కపెట్టండి

2011 తర్వాత సెన్సస్ జరగలేదు. తర్వాతి లెక్కకి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. ఆ అంకెలు ఊళ్ళ వారీగా చేతికొచ్చేదాకా మనకి ఇవాళ్టి అంకె కావాలి.

దీనికి నాలుగు చోట్ల నుంచి సమాచారం తీసుకుని పోల్చుకోవాలి. అంగన్‌వాడీ టీచర్ దగ్గర తన పరిధిలోని కుటుంబాల సర్వే రిజిస్టర్ ఉంటుంది. నా అనుభవంలో నిజానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే, ఎందుకంటే ఆమె ప్రతి గడపా ఎక్కుతుంది. ఆశా కార్యకర్త దగ్గర గర్భిణులు, చంటిపిల్లలు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళ వివరాలు ఉంటాయి. మీరు సంఖ్య మాత్రమే అడగండి. ఓటర్ల జాబితాలో పద్దెనిమిది నిండినవాళ్ళు ఉంటారు, వలస వెళ్ళినవాళ్ళు కూడా అందులోనే ఉంటారు. నాలుగోది గ్రామ సచివాలయంలో ఇళ్ళ వివరాలు. ఈ నాలుగూ ఒకే అంకె చెప్పవు. కంగారు పడొద్దు. తేడా ఎక్కడుందో అక్కడికి వెళ్ళి ఇళ్ళు లెక్కపెట్టండి.

ఇల్లిల్లూ తిరిగేటప్పుడు పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు రాయొద్దు. అవి మనకి అక్కర్లేదు, రాస్తే జనం భయపడి సగం చెప్పరు. ఇంటికి ఒక గీత. ఆ గీత పక్కన ఇవాళ ఈ ఇంట్లో పడుకునేవాళ్ళు ఎందరు, పని మీద బయట ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎందరు, బడికి, కాలేజీకి ఊరు దాటి వెళ్ళేవాళ్ళు ఎందరు, అరవై దాటినవాళ్ళు ఎందరు అని నాలుగు అంకెలు రాస్తే చాలు. మూడో అంకె, నాలుగో అంకె తర్వాత బస్సు అర్జీలో ప్రాణం పోస్తాయి.

ఈ పని సంక్రాంతికో ఉగాదికో చేయొద్దు, ఊరు నిండి కనపడుతుంది. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్లు వెలిగే నెలల్లో కూడా జాగ్రత్త, బయటి కూలీలు వచ్చి ఉంటారు. వాళ్ళని విడిగా ఒక వరసలో రాయండి.

పల్లెల వారీగా ఎందుకింత పట్టుపట్టి రాయాలో చెప్తాను. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలైంది. అందులో రోడ్డు ఇచ్చేది రెవెన్యూ గ్రామానికి కాదు, ఆవాసానికి. మైదాన ప్రాంతంలో 500, అంతకు మించి జనం ఉన్న ఆవాసం, అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకి కనీసం 500 మీటర్ల దూరంలో ఉంటే అది రోడ్డు లేని ఆవాసం కింద లెక్క. 2024లో కేంద్రం ఆమోదించిన నాలుగో దశలో కూడా 2011 జనాభానే ఆధారం. మరో సంగతి, 500 మీటర్ల లోపు ఉన్న చిన్న పల్లెల జనాభాని కలిపి చూపించే వీలుంది. 310 మంది ఉన్న పల్లె, దానికి నాలుగు వందల మీటర్లలో 220 మంది ఉన్న కాలనీ విడివిడిగా రాస్తే రెండూ పోతాయి. కలిపి రాస్తే 530. మీ నోట్‌బుక్‌లో పల్లెల వారీ అంకెలు, వాటి మధ్య దూరాలు లేకపోతే ఈ మాట ఎవరూ మీకు చెప్పరు.

2011 నాటి పల్లెల వారీ జనాభా సెన్సస్ పుస్తకంలో దొరకదు. పంచాయతీరాజ్ ఇంజినీర్ల దగ్గర, గ్రామీణ నీటి సరఫరా విభాగంలో ఆవాసాల జాబితాలు ఉంటాయి. అడిగితే ఇస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

రోడ్లు: బైకు మీద ఒక రోజు

ప్రతి ఆవాసం నుంచి బయలుదేరి, బస్సు ఆగే చోటు దాకా మీటరు చూసుకుంటూ వెళ్ళండి. ఎన్ని కిలోమీటర్లు తారు, ఎన్ని సిమెంటు, ఎన్ని గ్రావెల్, ఎంత డొంక అని విడివిడిగా రాయండి. మొత్తం దూరం ఒక్కటే రాస్తే ఉపయోగం లేదు. మూడు కిలోమీటర్లలో ఎనిమిది వందల మీటర్లు నల్లరేగడి డొంక ఉంటే వానాకాలంలో ఆ మూడు కిలోమీటర్లూ లేనట్టే.

ప్రతి వాగు దగ్గరా ఆగండి. వంతెనా, చప్టానా (నీళ్ళు పైనుంచి పారే గట్టి దారి), కల్వర్టా, ఏమీ లేదా? ఏడాదిలో ఎన్ని రోజులు నీళ్ళు దాటనివ్వవు? మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వస్తాయి. అంటే బడులు బాగా నడిచే నెలల్లోనే. చప్టా పక్కన పొలం ఉన్న రైతుని అడగండి, ఆయనకి తేదీలతో సహా గుర్తుంటుంది. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. పెద్ద రోడ్డుకే ఆ గతి పట్టినప్పుడు మీ చప్టా ఎన్ని రోజులు మునిగిందో ఎవరో ఒకరికి గుర్తుండే ఉంటుంది.

తర్వాత మీ ఊరికి దగ్గర్లోని పెద్ద రోడ్డు ఏదో పేరుతో రాయండి. కోస్తా వైపు ఊళ్ళకి 16వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ళు ఇంకా ఐదో నంబరు హైవే అనే అంటారు. ఆత్మకూరు వైపు 67, మార్కాపురం, కనిగిరి, పామూరు మీదుగా పోయేది 565, కంభం, గిద్దలూరు మీదుగా పోయేది 544డి. రైలుదీ అంతే. కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు వాళ్ళకి విజయవాడ–గూడూరు లైను, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు వాళ్ళకి గుంటూరు–నంద్యాల లైను. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు మీదుగా నడికుడి–శ్రీకాళహస్తి లైను వేస్తున్నారు. స్టేషన్ కట్టడం కనపడిందని రైలు ఉన్నట్టు రాయకండి. మీరు రాసే రోజుకి అక్కడ ప్యాసింజరు బండి ఆగి, మీ ఊరి మనిషి ఎక్కుతున్నాడా లేదా, అదే లెక్క.

2011 గ్రామ డైరెక్టరీలో ఇవన్నీ ఎలా ఉన్నాయో ఇప్పుడు తీసి చూడండి. సౌకర్యం ఊళ్ళో లేకపోతే దూరాన్ని మూడు అక్షరాలతో చెప్తారు: ఐదు కిలోమీటర్ల లోపు ఒకటి, ఐదు నుంచి పది ఒకటి, పదికి పైన ఒకటి. పదకొండు కిలోమీటర్లైనా అరవై కిలోమీటర్లైనా అదే అక్షరం. రెవెన్యూ గ్రామంలో ఏ మూల బస్సు ఆగినా "ఉంది" అని పడుతుంది. మా అర్జీ తిరిగిరావడానికి మూలం ఇదే. వాగు అవతలి పల్లెలో ఒక అవ్వ ఈ సంగతి నాకంటే ముందే చెప్పింది. "అవ్వా, మీకు బస్సు ఉందా?" అంటే, "ఊళ్ళోకి వస్తది నాయనా, మాకాడికి యాడొస్తది? ఆ బస్సు హారన్ ఇనపడతది, అంతే" అంది. ఆ మాట నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను.

స్టేజీ దగ్గర రెండు రోజులు కూర్చోండి

మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే, అన్నిటికంటే విలువైనది కూడా ఇదే. తెల్లవారి ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా అడ్డరోడ్డులోనో, ఊరి స్టేజీలోనో వంతులు వేసుకుని కూర్చోవాలి. ఒకటి మామూలు పని దినం, ఇంకొకటి సంత రోజు. పండగలు, బడి సెలవులు వద్దు.

పేజీని నిలువుగా ఐదు గళ్ళు చేయండి. టైము, బండి రకం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు. బండి రకం దగ్గర మనం పిలిచే పేర్లే రాయండి: పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సర్వీస్ ఆటో, టాటా ఏస్, ట్రాక్టర్, బైకు మీద లిఫ్ట్. ఎక్కినవాళ్ళలో యూనిఫాం పిల్లలకి ఒక గుర్తు, కూలి పనికి వెళ్ళేవాళ్ళకి ఒక గుర్తు పెట్టుకోండి. బస్సు రావాల్సిన టైము కూడా పక్కన వేయండి, డిపోలో అడిగితే చెప్తారు. బస్సు ఎంత ఆలస్యంగా వస్తుందో ఆ రెండు టైముల మధ్య తేడాయే చెప్తుంది. బస్సు రాని ట్రిప్పుని కూడా రాయాలి. "7.40 ట్రిప్పు రాలేదు" అన్న వరస ఖాళీగా వదిలేస్తే రేపు ఎవరికీ తెలియదు.

ఆటోలో ఎంతమంది ఎక్కారో నిజం రాయండి. మిరప కోతల టైములో, నాట్ల టైములో ఏడుగురు కూర్చోవాల్సిన ఆటోలో పద్నాలుగు మంది ఆడకూలీలు వెళ్తుంటారు. దాని వల్ల ఆటో అతనికి ఏమవుతుందోనని కొందరు దాచమంటారు. బండి నంబరు రాయనక్కర్లేదు, మనిషి పేరు రాయనక్కర్లేదు. కానీ అంకె దాచొద్దు. ఆ పద్నాలుగు మందికి బస్సు లేదన్న సంగతి ఆ అంకెలోనే ఉంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం ఉంది కదా. దీంతో రెండు పనులు చేయండి. ఆటో ఎక్కే ఆడవాళ్ళని "బస్సు ఉచితమే కదా, ఆటో ఎందుకెక్కుతున్నారు?" అని అడగండి. టైముకి రాదు అంటారా, మా పల్లె దగ్గర ఆగదు అంటారా, గుర్తింపు కార్డు ఇంటి దగ్గర మరిచాను అంటారా, ఆ జవాబులు లెక్కపెట్టండి. రెండోది, బస్సెక్కిన ప్రతి ఆడమనిషీ సున్నా టికెట్ తప్పకుండా కొట్టించుకోవాలని ఊళ్ళో చెప్పండి. డిపోవాళ్ళు చూసేది టికెట్ల లెక్కే. టికెట్ తీసుకోకపోతే ఆమె ఆ బస్సు ఎక్కనట్టే.

నైట్ హాల్ట్ బస్సు మీ ఊరికి ఉందా అన్నది విడిగా రాయండి. రాత్రి ఊళ్ళో పడుకుని తెల్లవారుజామున తొలి ట్రిప్పుగా బయలుదేరే బస్సు ఉంటే కూరగాయలు, పాలు, కాలేజీ, ఆసుపత్రి అన్నీ కదులుతాయి. ఒకప్పుడు ఉండి ఆగిపోయి ఉంటే ఏ ఏడాది ఆగిందో, ఎందుకు ఆగిందో పెద్దవాళ్ళని అడిగి రాయండి. కొన్ని చోట్ల డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి గది, మరుగుదొడ్డి లేకపోవడమే కారణం. అది ఊరు తీర్చగలిగిన సమస్యే.

గడప నుంచి గడపకి ఎంతసేపు?

ప్రతి ఆవాసం నుంచి ఈ చోట్లకి పోవడానికి పట్టే టైము, ఖర్చు రాయండి: హైస్కూలు, జూనియర్ కాలేజీ, పీహెచ్‌సీ, కాన్పులు చేసే ఆసుపత్రి, బ్యాంకు, మండల ఆఫీసు, రైల్వే స్టేషన్. కిలోమీటర్లు కాదు, నిమిషాలు. నడక ఎంత, ఎదురుచూపు ఎంత, బండిలో ఎంత అని మూడు ముక్కలుగా రాయండి. మా వాగు అవతలి పల్లె నుంచి కాలేజీకి వెళ్ళే పిల్ల బస్సులో కూర్చునేది నలభై నిమిషాలే. కానీ ముప్పై ఐదు నిమిషాలు నడుస్తుంది, ఇరవై ఐదు నిమిషాలు ఎదురుచూస్తుంది. సాయంత్రం మళ్ళీ అంతే. డిసెంబరులో ఆ నడక చీకట్లో. రెండేళ్ళలో ఆ పల్లెలో ముగ్గురు ఆడపిల్లలు పదో తరగతితో చదువు ఆపేశారు. చదువు ఎందుకు మాన్పించారని అడిగితే ఇళ్ళలో చెప్పింది డబ్బు గురించి కాదు, ఆ ముప్పై ఐదు నిమిషాల గురించి.

108 సంగతి కూడా ఇక్కడే. ఈ ఏడాదిలో పిలిచినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఎంతసేపట్లో వచ్చింది, ఎక్కడి దాకా రాగలిగింది, అక్కడి దాకా మనిషిని ఎలా తీసుకెళ్ళారు అని అడగండి. అంబులెన్స్ రోడ్డు చివర ఆగితే మంచం మీద మోసుకెళ్ళిన దూరం రాయండి.

ఒక్క పేజీలో పెట్టండి

ఇంత తిరిగాక నోట్‌బుక్ నిండిపోతుంది. అర్జీతో ఇచ్చేది మాత్రం ఒక్క పేజీ ఉండాలి, మిగతాది వెనక జత చేయాలి. పైన రెవెన్యూ గ్రామం, కోడ్, పంచాయతీ, మండలం, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా. దాని కింద ఆవాసాల పట్టిక: పేరు, ఇళ్ళు, 2011 జనాభా, ఇవాళ్టి జనాభా, స్టేజీ దాకా దూరం, అందులో చెడిన రోడ్డు ఎంత, వాన రోజుల్లో ఎన్ని రోజులు దారి మూసుకుపోతుంది, బయటికెళ్ళే విద్యార్థులు. పుస్తకం నుంచి తీసుకున్న అంకెకీ మీరు లెక్కపెట్టిన అంకెకీ తేడా తెలిసేలా ఒకదాని కింద గీత గీయండి. మీరు కలిపేసి రాస్తే మొత్తం కాగితాన్నే అనుమానిస్తారు.

కింద చేత్తో గీసిన పటం ఒకటి. అందంగా లేకపోయినా ఫరవాలేదు. పల్లెలు, వాగు, చప్టా, స్టేజీ, బడి కనపడాలి, వాటి మధ్య కిలోమీటర్లు రాసి ఉండాలి.

ఆ తర్వాత కోరిక. దాన్ని అంకెతో కట్టేయండి. "మా ఊరికి బస్సు సౌకర్యం కల్పించగలరు" అని రాయొద్దు. "ఫలానా పల్లెలో 27 మంది విద్యార్థులు ఉన్నారు, పంచాయతీ దగ్గర 8.10కి తిరిగిపోయే బస్సుని మూడు కిలోమీటర్లు పొడిగించి 7.45కి పల్లె దగ్గర ఆపాలి, దారిలో 800 మీటర్లు గ్రావెల్ వేస్తే బస్సు తిరుగుతుంది" అని రాయండి. బస్సు సంగతి డిపో మేనేజరుకి, గ్రావెల్ సంగతి పంచాయతీరాజ్ ఇంజినీర్లకి వేర్వేరు కాగితాలు ఇవ్వండి. రెండు కోరికలు ఒకే కాగితంలో పెడితే ఎవరూ తమది అనుకోరు. ఇచ్చే ముందు గ్రామసభలో చదివి, తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు అడిగి తీసుకోండి.

మా రెండో అర్జీ అలాగే ఇచ్చాం. ఈసారి రికార్డు మాట ఎవరూ ఎత్తలేదు. "వాగు దగ్గర బస్సు తిప్పుకోవడానికి చోటు ఉందా?" అని అడిగారు. మా పటంలో ఆ చోటు కొలత లేదు. మర్నాడు వెళ్ళి టేపుతో కొలిచి రాసుకొచ్చాం. మీరు ముందే కొలిచి పెట్టుకోండి.

లెక్క మీద తేదీ వేయడం మరవకండి. ఒక కాపీ సచివాలయంలో, ఒకటి హైస్కూలు లైబ్రరీలో, ఒకటి మీ ఇంట్లో. ఏటా జూన్‌లో బడులు తెరిచాక స్టేజీ లెక్క ఒక్క రోజు మళ్ళీ తీయండి. ఆవాసాల పట్టికలో 2011 గడి పక్కన ఒక గడి ఖాళీగా ఉంచండి, 2027 అంకె వచ్చినప్పుడు రాసుకోవడానికి. ఎన్యూమరేటర్ మీ ఊరికి వచ్చిన రోజున, ఆ మొదటి పేజీలోని పల్లెల పేర్లన్నీ ఆయనకి చదివి వినిపించండి, చెరువు కట్ట కింద పన్నెండు ఇళ్ళతో సహా.